మూడు కాళ్ళ మీద ఉండాల్సిన బరువు

చేపల చెరువుల మీద ఇరవై ఆరేళ్ళు పనిచేసినవాడికి తూకం మీద తప్ప దేని మీదా నమ్మకం ఉండదు. ముదినేపల్లి పక్కన చెరువులకు నేను సూపర్‌వైజర్‌ని. పదిహేను రోజులకోసారి విసురువల వేయించి, పడిన చేపల్ని బుట్టలో తూచి, సగటు బరువు చూసుకునేవాళ్ళం. బరువు పెరిగితే చెరువు బాగున్నట్టు, పెరగకపోతే ఏదో రోగం ఉన్నట్టు. ఎక్కడ నొప్పిగా ఉందో చేపను అడిగే వీలు లేదు కాబట్టి తూకమే దాని మాట. ఈ అలవాటు నాకు ఎంతగా పట్టుకుందంటే, పెళ్ళిళ్ళలో ఎవరైనా చంటిపిల్లని ఎత్తుకుని ఎదురైతే ముందు "ఎన్ని కిలోలున్నాడు?" అని అడిగేవాణ్ణి. మా ఆవిడ మోచేత్తో పొడిచేది.

ఆ చెరువు గట్టు మీద కాపలా పాకలో పుట్టిన కుక్క ఇది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు. "ఏయ్" అంటే వచ్చేది. మేతసంచి చప్పుడైతే అదీ అనక్కర్లేదు. మా వైపు చేపలకు మేత చేత్తో చల్లరు. తవుడూ వేరుశెనగ చెక్కా కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపి, అడుగున చిల్లులు పొడిచి, చెరువులో పాతిన వెదురు గెడలకు కడతారు. చేపలు ఆ చిల్లుల దగ్గర చేరి పొడుచుకు తింటాయి. సంచులు నింపేటప్పుడు గట్టు మీద ఒలికిన తవుడంతా ఈ కుక్క వాటా. చెరువుకు ఆ చివర ఉన్నా సరే, సంచి నలిగిన చప్పుడు వినపడితే చాలు, పరుగెత్తుకొచ్చేది.

తర్వాత ఓనరుగారు రెండు చెరువుల్లో చేపలు తీయించి రొయ్యలు వేశారు. నీళ్ళు చిలకడానికి ఏరేటర్లు పెట్టించారు. కొంగను తరుముతూ నీళ్ళలోకి దూకిన కుక్క కాలు ఆ తిరిగే రెక్కల్లో పడింది. గుడివాడ పశువుల ఆసుపత్రిలో ఎడమ ముందు కాలు భుజం దాకా తీసేశారు. మోటారు ఆపింది నేనే. పావు నిమిషం ముందు ఆపి ఉంటే ఎలా ఉండేదో అని ఒకటి రెండుసార్లు అనుకుని మానేశాను. నేను ఏడవలేదు. నెల తిరక్కుండా అది మళ్ళీ కొంగల్ని తరమడం మొదలుపెట్టింది. మిగిలిన ముందు కాలు కర్రలా నేలకు పొడుస్తూ, వెనక కాళ్ళు రెండూ కలిపి తన్నుకుంటూ పరుగెత్తేది. కొత్తగా చూసినవాళ్ళు జాలిపడేవాళ్ళు. కొంగలు మాత్రం పడలేదు.

మోకాళ్ళు అరిగి గట్ల మీద తిరగలేని రోజు వచ్చాక నేను పని మానేసి బందరు వచ్చేశాను. కుక్కను ఎవరూ నన్ను తీసుకెళ్ళమనలేదు, వద్దనీ అనలేదు. ఆటోలో సామాను ఎక్కించి చూస్తే అది అప్పటికే మేతసంచుల కట్ట మీద కూర్చుని ఉంది. ఖాళీ సంచులు ఇంట్లో దేనికైనా పనికొస్తాయని ఒక కట్ట తెచ్చుకున్నాను.

బందరు ఇంటికి టైల్సు వేయించాలన్నది మా ఆవిడ కోరిక. ఆవిడది అవనిగడ్డ పక్కన పల్లెటూరు. పెళ్ళయ్యేదాకా పేడతో అలికిన నేల, పెళ్ళయ్యాక నా చెరువుల పక్కన అద్దెకొంపల్లో పగుళ్ళిచ్చిన సిమెంటు నేల. అందుకని వరండాతో సహా అద్దంలా మెరిసే టైల్సే కావాలంది. వేయించాం. కుక్క వరండాలో ఉండేది. ఆవిడ దాన్ని ముట్టుకునేది కాదు, తిట్టేదీ కాదు. "మీ కుక్క గేటు దగ్గర పడుకుంది", "మీ కుక్క చెప్పు ఎత్తుకెళ్ళింది" అనేది. అంతవరకే వాళ్ళిద్దరి సంబంధం.

మూడేళ్ళు గడిచాక, దానికి పదకొండో పన్నెండో వయసొచ్చినప్పుడు, వెనక కాళ్ళు తేడా చేయడం కనిపెట్టాను. పడుకున్నది లేవాలంటే రెండు ప్రయత్నాలు పట్టేది. లేచి నిలబడితే వెనక కాళ్ళు మెల్లగా చెరో పక్కకూ జారిపోయేవి. అది ఆశ్చర్యంగా వెనక్కి తిరిగి చూసుకునేది, ఆ కాళ్ళు ఎవరివో అన్నట్టు. వీధిలో నడిచేటప్పుడు వెనక గోళ్ళు నేలకు రాసుకుని గీరిన చప్పుడొచ్చేది.

నాకు తెలిసిన వైద్యం ఒకటే. నీరసంగా ఉంటే మేత పెంచాలి. పొద్దున్నే మోపెడ్ మీద గిలకలదిండి వెళ్ళి, హార్బర్లో వేలం అయ్యాక మిగిలిన చేప తలకాయలు తెచ్చేవాణ్ణి. ముళ్ళు తీసి, అన్నంలో కలిపి, పైన గుడ్డు, ఒక గుప్పెడు తవుడు. ఆదివారం ఆదివారం తూచేవాణ్ణి. నడుం నొప్పి డాక్టరు కొనిపించిన తూకం మిషను ఒకటి ఇంట్లో ఉంది. కుక్కను ఎత్తుకుని దాని మీద నిలబడేవాణ్ణి, తర్వాత ఒక్కణ్ణే నిలబడేవాణ్ణి, ఇందులోంచి అది తీసేసి గోడ క్యాలెండర్లో ఆ ఆదివారం గడిలో రాసేవాణ్ణి. పంతొమ్మిదిన్నర, ఇరవై, ఇరవై ఒకటి. వీధిలోవాళ్ళు "కుక్క బాగా ఒళ్ళు చేసిందండీ" అంటుంటే చేపలు పట్టి అమ్మే పట్టుబడి రోజున ఓనరులా నవ్వేవాణ్ణి. అది లేవడానికి మూడు ప్రయత్నాలు పడుతోందని నాకు తెలుసు. కానీ క్యాలెండర్లో అంకె పెరుగుతోంది కదా.

ఇరవై నాలుగు దాటిన వారం, గేటు దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు పడిపోయింది. కాళ్ళు ఆడిస్తోంది, లేవలేకపోతోంది. ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు చిన్నావిడ. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, రెండు చేతులతో పక్కలు తడిమి, ఇంకోసారి తడిమి, నా వైపు చూసింది.

"పక్కటెముకలు ఎక్కడున్నాయండీ?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. కొంచెం గర్వంగానే చెప్పాను. "ఇరవై నాలుగు కిలోలండీ. నాలుగు నెలల్లో నాలుగున్నర కిలోలు పెంచాను."

"మీరేం చేసేవారండీ?"

"చేపల చెరువులండీ. ముదినేపల్లి దగ్గర."

"అదీ సంగతి," అంది. "మాది కైకలూరు వైపే లెండి. దీన్ని పట్టుబడికి పెంచుతున్నారా ఏంటి? నాలుగు కాళ్ళున్నదైనా ఇంత మొయ్యకూడదు. మీరు మూడింటి మీద మోయిస్తున్నారు."

ఆవిడ తర్వాత చెప్పినదంతా విన్నాను. ముందు కాలు ఒక్కటే కావడంతో ఇన్నేళ్ళూ నడుము వంకరగా తిప్పి నడిచిందనీ, నడుము దగ్గర వెన్నుపూసలు అరిగాయనీ, వెనక కాళ్ళకు పట్టు తగ్గిందనీ, దాని మీద నేను పెట్టిన తవుడూ తలకాయలూ వచ్చి కూర్చున్నాయనీ. నొప్పికి మాత్రలు రాసింది. గోళ్ళు కత్తిరించింది. జారే నేల మీద నడిపించొద్దంది. రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెం నడిపించమని, లేవలేనప్పుడు కడుపు కింద గుడ్డ వేసి వెనక భాగం ఎత్తిపట్టమని చూపించింది. పద్దెనిమిది కిలోలకు దించమంది. నేను తల ఊపుతూనే ఉన్నాను, కానీ లోపల సిగ్గుతో చచ్చిపోతున్నాను. నాలుగు నెలలపాటు ప్రేమగా నేను చేసిందల్లా ఆ కాళ్ళ మీద ఇంకాస్త బరువు వేయడమే.

బయటికొస్తుంటే ఆవిడ ఒక మాట అంది. "తనంతట తాను లేస్తున్నన్నాళ్ళూ భయం లేదండీ. మందులతో కూడా లేవలేని రోజొస్తే, నొప్పితో అలాగే ఉంచేయకూడదు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యండి, మాట్లాడదాం."

ఏం మాట్లాడతామో అడగలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు అదే మాట చెప్పాను, ఆవిడా అడగలేదు. ఆరోజు నుంచి మా ఇంట్లో "మాట్లాడటం" అనే మాటకు ఆ ఒక్క అర్థమే మిగిలింది. కరెంటు బిల్లు గురించి కూడా "ఓసారి మాట్లాడాలి" అనడం మానేశాం.

మా వీధి చివర పరుపులు కుట్టే భాయి ఉన్నాడు. నన్ను బాబాయ్ గారూ అంటాడు. జారని నేల కావాలని చెప్తే వచ్చి, వరండా చూసి, గోనెపట్టాలు రెండు మడతలుగా వేసి మధ్యలో పీచు పెట్టి కుట్టిచ్చాడు. కుక్క పడుకునే మూల నుంచి గేటు దాకా చిన్న బాటలా పరిచాం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ముప్పయ్యేళ్ళు ఆగి టైల్సు వేయించుకుంది గోనెలు కప్పుకోడానికా?" అంది. అని, లోపలికెళ్ళి చీపురు తెచ్చి, పట్టా పరిచేచోట ముందు తనే ఊడ్చింది.

కడుపు కింద వేసే పట్టీ మాత్రం నేనే తయారుచేస్తానన్నాను. మేతసంచి ఒకటి కోసి, రెండు వైపులా తాడు పిడులు కట్టాను. దానికి కారణం ఉంది. ఎన్నేళ్ళయినా ఆ సంచికి తవుడు వాసన పోలేదు. దాన్ని చేత్తో నలిపితే చాలు, కుక్క చెవులు నిక్కబొడుచుకుని లేవడానికి ప్రయత్నించేది. ఆ ప్రయత్నానికి నేను పిడులు పట్టుకుని కాస్త సాయం చేస్తే లేచి నిలబడేది. నా తెలివికి నేనే మురిసిపోయాను. వారం తిరిగేసరికి ప్లాస్టిక్ రాసుకుని తొడల సందున చర్మం ఎర్రగా లేచిపోయింది.

భాయి చూసి నొచ్చుకున్నాడు. "ప్లాస్టిక్ వద్దంటే వినరేంటి బాబాయ్ గారూ. పైన సంచే ఉండనివ్వండి, లోపల నేను దూది పెట్టి కుడతా. నమాజుకెళ్ళే టైము, నేను కుక్కని ముట్టుకోనండీ. టేపు ఇదిగో, కొలతలు మీరు తియ్యండి." నేను కొలిచి చెప్తుంటే గేటు బయట నిలబడి రాసుకున్నాడు. సాయంత్రానికి పట్టీ తెచ్చాడు. లోపల మెత్తటి లుంగీ గుడ్డ, పైన తవుడు వాసన. వరండాలో ఒక మేకు కొట్టి దానికి తగిలించాను.

ఇక తిండి తగ్గించడం. ఇది రాయడానికే నాకు చిరాకు. ఇరవై ఆరేళ్ళు మేత వేసినవాడు గిన్నెలో సగం పెట్టి వెనక్కి రావాలి. అది గిన్నె నాకేసి, గిన్నెను ముక్కుతో గోడదాకా నెట్టుకెళ్ళి, నా వైపు చూసేది. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఇంత చేస్తే మూడు వారాలు గడిచినా క్యాలెండర్లో అంకె కదల్లేదు. మిషను చెడిపోయిందనుకుని కిరాణా కొట్లోంచి పంచదార బస్తా తెప్పించి తూచి చూశాను. మిషను బాగానే ఉంది.

ఒకరోజు బ్యాంకుకని బయల్దేరి, పాస్‌బుక్కు మర్చిపోయి సగం దారిలో వెనక్కి వచ్చాను. మా ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో ఇడ్లీ. చిన్న చిన్న ముక్కలు తుంచి, ఊది, చల్లార్చి, కుక్క నోటికి అందిస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏవండీ, అదలా చూస్తుంటే నేనేం చెయ్యనండీ?"

"నీ కుక్క కాదుగా?"

"కాదు," అంది. మిగిలిన ముక్క దాని నోట్లో పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని లోపలికెళ్ళిపోయింది. ఆరోజు మధ్యాహ్నం నాకు కూడా ఇడ్లీలే పెట్టింది, అవీ రెండే. మర్నాటి నుంచి ఇడ్లీ బదులు ఉడికించిన బీన్సు, సొరకాయ ముక్కలు పెట్టొచ్చని డాక్టరుగారిని అడిగి కనుక్కున్నాం. తుంచి ఊది పెట్టే పని మాత్రం ఆవిడదే అయింది.

అప్పుడు దిగడం మొదలైంది. ఇరవై మూడు. ఇరవై ఒకటిన్నర. నెలలు పట్టింది. జీవితంలో మొదటిసారి నేను అంకె తగ్గితే సంతోషించాను. ఇరవైకి వచ్చేసరికి అది రెండో ప్రయత్నానికి లేచేది. పంతొమ్మిదికి వచ్చాక ఒక పొద్దున పట్టీ అందుకునేలోపే లేచి నిలబడి, గోనెబాట మీద గేటు దాకా వెళ్ళి, నేను గేటు తీయడం ఆలస్యమైందని ఒకసారి మొరిగింది. మా ఆవిడ వంటింట్లోంచి "లేచిందా?" అని అరిచింది. "లేచింది" అన్నాను. ప్రతి పొద్దునా మా మధ్య మొదటి మాటలు అవే అయ్యాయి.

ఆ ఎండాకాలం మా బావమరిది ఇంటికి అవనిగడ్డ వైపు వెళ్తూ దాన్నీ ఆటోలో తీసుకెళ్ళాం. వాళ్ళ దొడ్డి మట్టి నేల. అది దిగి, నేలను వాసన చూసి, కాళ్ళు ఆనించి చూసుకుని, కోళ్ళ వెంట పడింది. పరుగని అనలేను, కానీ కోళ్ళు మాత్రం పరుగెత్తాయి. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ చాలా సంతోషంగా అనిపించింది. ఆ రెండు రోజులూ నేను దాన్ని తూచాలనుకోలేదు.

ఆ తర్వాత ఒక వానాకాలం బాగా గడిచింది, రెండోది గడవలేదు. వెనక పాదాలు మడతపడి, పైవైపు నేలకు రాసుకుంటూ నడిచేది. మాత్రలు మార్చారు. బరువు పద్దెనిమిది దగ్గర నిలబడింది, తిండిలో తప్పేమీ లేదు. ఒక పొద్దున నేను వరండాలోకి వచ్చేసరికి అది ముందు కాలు ఆనించి, తల ఎత్తి, నడుము నుంచి వెనక భాగం కదలక, నా కోసం చూస్తోంది. మా ఆవిడ అప్పటికి ఇంకా వంటింట్లో ఉంది. నేను మేకు మీది పట్టీ తీసి దాని కింద వేసి ఎత్తి నిలబెట్టాను.

"లేచిందా?"

"లేచింది."

తొమ్మిది రోజులు ఇలా చెప్పాను. ఐదో రోజున మాత్రం ఎత్తకుండా సంచి నలిపి చూశాను, ఏమన్నా శక్తి మిగిలిందేమోనని. అది లేచింది. నిజంగానే లేచింది. తవుడు కోసం ఒళ్ళంతా వణుకుతూ లేచి, నాలుగు అడుగులు వేసి, కీచుమని అరిచి కూలబడింది. ఆరోజంతా పక్క కదల్చనివ్వలేదు, ముట్టుకుంటే పళ్ళు చూపించింది. పన్నెండు పదమూడేళ్ళలో నాకు ఎప్పుడూ పళ్ళు చూపించింది కాదు.

తొమ్మిదో రోజు పొద్దున నేను "లేచింది" అన్నాక మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఆ సంచి చప్పుడు నాకు వినపడదనుకున్నారా?" అంది.

నేను పిడులు పట్టుకునే ఉన్నాను.

"మీరు మూత్రానికి ఎత్తి నిలబెడుతుంటే అది సిగ్గుపడి మొహం తిప్పేసుకుంటోందండీ. నేను రోజూ కిటికీలోంచి చూస్తున్నా. ఫోన్ చెయ్యండి. మాట్లాడదాం."

డాక్టరుగారు మధ్యాహ్నం తనే ఇంటికొచ్చింది. చెప్పులు గేటు దగ్గర వదిలి, గోనెబాట మీద నడిచొచ్చి, దాని పక్కన కూర్చుంది. వెనక పాదాలు గిల్లి చూసింది. నడుము మీద చెయ్యి వేస్తే అది మూలిగింది.

"ఒకసారి పిలవండి. తనంతట తాను లేస్తుందేమో చూద్దాం."

"ఏయ్," అన్నాను.

చెవులు కదిలాయి. తోక నేలను రెండుసార్లు కొట్టింది. ముందు కాలు ఆనించింది. వెనక భాగం రాలేదు. ఇంకోసారి ఆనించింది.

పట్టీ మేకుకు వేలాడుతోంది, నేను కూర్చున్నచోట నుంచి చెయ్యి చాపితే అందుతుంది. అందుకుని ఒక్కసారి నలిపితే అది లేచేది. డాక్టరుగారి ముందు నిలబడేది. ఆవిడ ఇంకో నెలకు మాత్రలు రాసిచ్చి వెళ్ళేది. మా ఆవిడ కూడా ఆ మేకు వైపే చూస్తోంది. నలపమనో వద్దనో నాకు తెలియలేదు. నాకు మాత్రం నలపాలనే ఉంది. చేతులు రెండూ మోకాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాను.

"లేవదండీ," అన్నాను.

మా ఆవిడ కింద కూర్చుని దాని తల ఒళ్ళోకి తీసుకుంది. నేను వెనక్కి జరిగి కాళ్ళు రెండూ పట్టుకున్నాను, ఇక జారేదేమీ లేకపోయినా. డాక్టరుగారు తన బ్యాగులోంచి మందు సీసా, సిరంజీ తీసింది.

"బరువును బట్టి ఎక్కించాలండీ. సుమారుగా ఎంత ఉండొచ్చు?"

"సుమారు కాదండీ," అన్నాను. "పద్దెనిమిది కిలోల వంద గ్రాములు. మొన్న ఆదివారం తూచాను."

ఆవిడ సీసా మీద నుంచి తల ఎత్తి కుక్కను చూసింది, నన్ను చూసింది.

"సరిగ్గా ఉండాల్సిన బరువేనండీ," అంది.

ఆ మాట అనిపించుకోవడానికే ఏడాదిన్నరపాటు దాని నోటి దగ్గర తిండి తీశాను. ఈసారి ఏడ్చాను.